సుగుణకు ఇచ్చిన పులిహోర

సుగుణకు పొగరెక్కిందని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అంటారు. ఇళ్ళలో మిగిలినవి ముట్టదట, ఆమెను చూసి తక్కిన పనివాళ్ళూ తీసుకోవడం మానేశారట, అందుకే తడిచెత్త డబ్బాలు పొద్దున్నే పొంగిపోతున్నాయట. మొన్న అసోసియేషన్ మీటింగులోనూ ఇదే మాట. శుద్ధ అబద్ధం. సుగుణ తీసుకోవడం మానేసింది నావల్ల. ఆరేళ్ళుగా ఈ సంగతి దాచుకుని తిరుగుతున్నాను. పార్కింగు గీతల గురించి గంటసేపు వాదించినదాన్ని, ఆమె పేరు రాగానే నోరు మూసుకున్నాను. మూసుకోవడమేమిటి, తల కూడా ఊపాను.

మీకైనా చెప్పనివ్వండి.

మాది కడప వైపు. ఉండేది గోపన్‌పల్లిలో, పన్నెండో అంతస్తు. ఒక ఆదివారం సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. నలభైమందిని పిలిచాను. వచ్చినవాళ్ళకు చాలకపోతే పరువేం కాను? యాభైమందికి వండాను. వచ్చింది పద్దెనిమిది మంది. తక్కినవాళ్ళకు ఆఫీసు కాల్స్, ట్రాఫిక్కు. వచ్చినవాళ్ళు కూడా డైటంటూ అరచెయ్యి నిండకుండా పెట్టించుకున్నారు. పక్క ఫ్లాట్లకు పంచాను, వాచ్‌మన్లకు ఇచ్చాను. అయినా సోమవారం పొద్దునకు గిన్నెడు పులిహోర మిగిలింది.

ప్రసాదం పారేయకూడదు. కింద పడ్డ మెతుకును మా అమ్మ కళ్ళకద్దుకునేది. ఊళ్ళో అయితే ఆవుకు పెట్టేదాన్ని. పన్నెండో అంతస్తులో ఆవెక్కడిది? కింద తడిచెత్త డబ్బాలో ఎవరో తిన్న కోడి ఎముకలున్నాయి. వాటి మీద స్వామికి పెట్టింది కుమ్మరించనా? నావల్ల కాలేదు.

సుగుణ మా ఇంట్లో పనిచేస్తుంది. నానక్‌రామ్‌గూడ నుంచి షేర్ ఆటోలో వస్తుంది. ఆదివారం చర్చికి పోతుంది కాబట్టి వ్రతం రోజు లేదు. కూతురు దవాఖానలో ఉన్నప్పుడు, బిడ్డ బతికితే పూజలో పెట్టినది ఇక ముట్టనని యేసుకు మాటిచ్చుకుంది. ఆ సంగతి నాకు తెలుసు. మా వంటింట్లో నిలబడి ఆమే చెప్పింది. అందుకే ఏమిచ్చినా ముందు ఒక మాట అడిగేది. ఆ సోమవారం పులిహోర డబ్బాలో పెట్టి ఇస్తే, అప్పుడూ అడిగింది.

“అమ్మా, జర చెప్పు, గిది దేవుని ముంగట పెట్టినదా?”

“కాదులే మే. అది వేరే, ఇది వేరే. ఇది చుట్టాల కోసమని విడిగా కలిపింది.”

“ఇగ నాకేం ఫికర్ లేదు. నువ్వు లొల్లి పెడ్తవ్ గని అబద్ధమాడవమ్మా.”

నవ్వుతూ డబ్బా సంచిలో పెట్టుకుంది. నేనూ నవ్వాను.

తులసాకు వేసి నైవేద్యం పెట్టిన చిన్న గిన్నెను పెద్ద గిన్నెలో కలిపింది నేనే. మా ఇళ్ళలో అంతే, అప్పుడే అంతా ప్రసాదమవుతుంది.

మర్నాడు డబ్బా తోమి బోర్లించి ఉంది. బాల్కనీలో తులసికి నీళ్ళు పోయబోతే, కుండీ మట్టి మీద వాడిన తులసాకు ఒకటి కనబడింది. దానికి పసుపు, నూనె అంటుకుని ఉన్నాయి. నేను పెట్టలేదు. లోపల సుగుణ ఎప్పటిలాగే గిన్నెలు తోముతోంది. నేను తులసికి నీళ్ళు పోసేసి నా పనిలో పడ్డాను. తప్పయిందని చిన్నమాట అనడానికి ఎంతసేపు పడుతుంది?

అప్పటినుంచి ఏ ఇంట్లో ఏమిచ్చినా కడుపు నిండుగా ఉందంటుంది. పూజదా కాదా అని అడగడం కూడా మానేసింది.

తెలియక చేశాననుకుందామంటే అదీ కుదరదు. ఒకసారి పై ఫ్లాటావిడ గుడ్డు లేదని చెప్పి నాకు కేకు పెట్టింది. నిజం తెలిశాక ఆమెను లిఫ్టు ముందర నిలబెట్టి నలుగురిలో కడిగేశాను. శనివారం ఒక్కపొద్దుండే మనిషిని, నీకేం హక్కుందని అడిగాను. నా నియమానికి అంత విలువిచ్చినదాన్ని, సుగుణ మాటను ఎందుకంత తేలిగ్గా తీసుకున్నాను? ఆమె నా ఇంట్లో గిన్నెలు తోముతుందనేనా? ప్రసాదం పారేస్తే నాకు పాపమని భయపడి, ఆ పాపాన్నే డబ్బాలో పెట్టి మూత బిగించి ఆమె చేతికిచ్చాను.

ఇవాళ కూడా వచ్చి వెళ్ళింది. రాత్రి మిగిలిన అన్నం నా చేతులతోనే తడిచెత్తలో వేశాను. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ మాట అడగాల్సింది ఆమెను. అందుకు ఇంకా నోరు రావడం లేదు. ఒక్కటి మాత్రం తెలుసుకోవాలనుంది. ఆ తులసాకు సుగుణకు కనబడింది మూత తీయగానేనా, డబ్బా అంతా తిన్నాకా?