రాజన్న మాట కోసం గోదావరిఖని దాకా

మా మామగారి పేరు సామ్యేలు. గోదావరిఖనిలో భూగర్భ గనిలో బొగ్గు ఎత్తే పని చేసి రిటైరయ్యారు. ఇప్పుడు అత్తయ్యతో కలిసి సికింద్రాబాద్‌లో మా పక్క వీధిలోనే ఉంటున్నారు. చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం మా ఇంట్లో టీ తాగుతుండగా ఆయనకు ఫోన్ వచ్చింది. గనిలో ఆయనతో జోడీగా పనిచేసిన రాజయ్యకు పక్షవాతం వచ్చిందని, కాలూ చెయ్యీ కొంచెం కుదురుకున్నా మాట మాత్రం పోయిందని ఆ కబురు. మామగారు ఫోన్ పక్కన పెట్టారు. తర్వాత నావైపు తిరిగి, "ప్రవీణూ, నీకు గిట్లయితే రైలెక్కి వచ్చేటోడు ఎవడున్నడు?" అన్నారు. ఎగతాళిగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. మా చర్చి పెద్దది. ప్రతి ఆదివారం నవ్వుతూ చేతులు కలిపేవాళ్లు బోలెడంత మంది. అయినా ఒక్క పేరు కూడా నా నోటికి రాలేదు. ఆ శనివారం ఆయన బయల్దేరుతుంటే, తోడుగా నేనూ వస్తానన్నాను.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా బల్లార్ష వైపు వెళ్లే ఏ పగటి రైలైనా దాదాపు నాలుగు గంటల్లో రామగుండంలో దింపుతుంది. సీటింగ్ టికెట్ దొరికితే చాలు, అంత దూరానికి బెర్తులు అక్కర్లేదు. మేము ఉదయం రైలెక్కాం. కాజీపేట దాటాక కిటికీ పక్కన పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. అత్తయ్య కట్టిచ్చిన చపాతీలు తింటూ, చాలా రోజులుగా మనసులో ఉన్న ప్రశ్న అడిగాను. "మామయ్యా, మీరు ఇన్నేళ్లు కలిసి పనిచేశారు కదా, ఆయనకు మన ప్రభువు గురించి ఎప్పుడైనా చెప్పారా?"

"చెప్పిన," అన్నారు ఆయన తాపీగా. "మంచిగ విన్నడు. విని ఇంటికి పోయి పోచమ్మకు బోనం చేసిండు. తెల్లారి మళ్ల ఇద్దరం ఒక్కటే బొగ్గు టబ్బు నింపినం."

"మీకు బాధనిపించలేదా?"

"ఎందుకు? నా మాట వింటెనే దోస్తువని షరతు పెడితే అది దోస్తానా ఎట్లయితది, బేరమైతది. ప్రభువు మనల్ని నౌకర్లని పిలువలే, దోస్తులని పిలిచిండు. ఆయనే అంత దిగొచ్చినంక నాకేం పోయింది? పొద్దుగాల లేవంగనే రాజన్న పేరు పెట్టి ప్రార్థన చేస్త. ఆయనకు ఎరుకే. ఒకనాడు ఒంట్లో బాగలేక నేను డ్యూటీకి పోకపోతే, 'ఇయ్యాల నా పేరు చెప్పినవా లేదా' అని అడగనీకి ఇంటికొచ్చిండు."

ఆ మాట చెప్పి ఆయన నవ్వారు. పెద్దపల్లి దాటేవరకూ ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉంది.

రామగుండం స్టేషన్ బయట "ఖనికి, ఖనికి" అని పిలుస్తూ షేర్ ఆటోలు వరసగా నిలబడి ఉంటాయి. నలుగురు నిండగానే కదులుతాయి, మనిషికి నలభై, యాభైకి మించదు. కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు దాటాక రోడ్డుకు దూరంగా కొండల్లాంటివి కనిపిస్తే చూపించాను. అవి కొండలు కావనీ, ఓపెన్‌కాస్టు గనుల్లోంచి తోడిపోసిన మట్టి గుట్టలనీ మామగారు చెప్పారు. ఆటో నడుపుతున్న సదానందం అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ పలకరించాడు.

"ఎవరింటికి పోతున్రు కాక?"

"రాజయ్య అని, నా బాయి దోస్తు. పానం బాగలేదు, చూడనీకి పోతున్న." ఇక్కడ గనిని బాయి అనే అంటారు.

"రిటైరైనోళ్లంత ఖని ఇడిసిపెట్టి పట్నం పోతున్నరు. మీరేంది, ఉల్టా వస్తున్నరు?" అన్నాడు సదానందం. మిగతావాళ్లు చౌరస్తాలో దిగిపోయాక, వద్దన్నా వినకుండా, మమ్మల్ని కాలనీలో రాజయ్య ఇంటి గేటు దాకా తీసుకెళ్లి దింపాడు.

రాజయ్య భార్య లచ్చమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. "అన్నా, వచ్చినవా," అంటూ మామగారి చేతిలో సంచి అందుకుంది. వరండాలో కుర్చీలో కూర్చున్న రాజయ్య మమ్మల్ని చూడగానే లేవబోయి మళ్లీ కూలబడ్డారు. పెదాలు కదిలాయి గానీ "ఆ... ఆ..." తప్ప ఏమీ రాలేదు. మామగారు స్టూలు దగ్గరికి లాక్కుని, ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, రైల్లో చూసిన పత్తి చేల దగ్గర్నుంచి మనవరాలి అల్లరి దాకా కబుర్లు మొదలుపెట్టారు. రాజయ్య కాసేపు విన్నారు. మధ్యలో ఏదో చెప్పబోయి, రాక, కుర్చీ చేతి మీద గట్టిగా కొట్టి ముఖం పక్కకు తిప్పేసుకున్నారు.

"మాటలు నేర్పే డాక్టరమ్మ రోజు ఇన్ని మాటలు పలికియ్యమన్నది," అని లచ్చమ్మ నన్ను లోపలికి పిలిచి మెల్లగా చెప్పింది. "మొదట్ల మంచిగనే చేసిండు. ఇప్పుడు నోరే తెరుస్తలేడు. ఎవలన్న వస్తె పండుకున్నట్టు చేస్తడు. నాకు ఒక్కటే ఫికర్ బాబూ, ఇగ వదిలిపెట్టిండేమో అని."

మధ్యాహ్నం జొన్నరొట్టె, కోడికూర, పచ్చిపులుసు పెట్టింది. రాజయ్యకు మామగారే తుంచి తినిపించారు. భోజనాలయ్యాక వరండాలో కూర్చున్నాం. అంతలో ఓపెన్‌కాస్టులో బండలు పేల్చిన చప్పుడుకు కిటికీ రెక్కలు గలగలమన్నాయి. నేను ఉలిక్కిపడి చేతిలో మంచినీళ్లు ఒలకబోసుకున్నాను. మిగతా ముగ్గురూ కదల్లేదు, వాళ్లకది ఏళ్ల అలవాటే. తడిసిన నా ప్యాంటు చూసి రాజయ్య భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. శబ్దం లేకుండా నవ్వుతున్నారని అర్థమయ్యేసరికి నాకూ నవ్వొచ్చింది.

మామగారు ఆ నవ్వును జారిపోనివ్వలేదు. లేచి నిలబడి, చేతిలో పార ఉన్నట్టు నడుం వంచి, గొంతెత్తి పాడారు.

"ఎత్తర రాజన్నా, ఎత్తర పార... ఏసయ్య సూస్తుండు, ఎత్తర పార..."

ఒకసారి పాడి ఆగారు. ఏమీ జరగలేదు. మళ్లీ పాడారు. రాజయ్య ఎడమ కాలు నేల మీద తాళం వేయడం మొదలుపెట్టింది. మూడోసారి మామగారు ఆగగానే, ముద్దముద్దగా, కానీ రాగంలోనే, ఆయన గొంతు లేచింది.

"సూసేటి... ఏసయ్యనే... పట్టమను పార..."

లచ్చమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసి గుమ్మంలో కూర్చుండిపోయింది. చెంగుతో కళ్లు తుడుచుకుంటూనే నాకు సంగతి చెప్పింది. టబ్బులు నింపేటప్పుడు వీళ్లిద్దరూ ఈ పాట పాడుకునేవారట. మొదటి వరస మామగారు కట్టింది. 'చూస్తూ నిలబడే ఏసయ్యనే పార పట్టుకోమను' అన్న ఆ జవాబు రాజయ్యది. బాయిలో కిందున్న వాళ్లంతా ఆ జవాబు కోసం చెవులు పెట్టి వినేవారట.

మామగారు స్టూలు మీద కూర్చుని మళ్లీ ఆ చెయ్యి పట్టుకున్నారు. "పట్టిండు రాజన్నా," అన్నారు. "ఇయ్యాల ఆయనే పట్టిండు."

లచ్చమ్మ వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసింది. ఇలాంటి రోగుల్లో కొందరికి మాట రాకపోయినా పాట వస్తుందని, ఆ పాట పట్టుకునే మెల్లగా మాటల్లోకి రావచ్చని, తొందరపెట్టొద్దని ఆవిడ చెప్పింది. ఆ తర్వాత ఇక పాటే పాట. మేము చీకటి పడేలోగా తిరుగు రైలెక్కాలి. సంచి సర్దుకుంటుంటే మామగారు నా దగ్గరికొచ్చి, "నువ్వు రేపు పో బిడ్డా, నేను పక్షం దినాలు ఉంట. మీ అత్తకు నువ్వే చెప్పాలె," అన్నారు. ఆయన గనిలో దేనికీ భయపడలేదంటారు గానీ అత్తయ్యకు ఫోన్ చేయడానికి మాత్రం నన్ను ముందుకు తోశారు. అత్తయ్య అంతా విని, "చలికోటు పెట్టుకపోయిండా?" అని మాత్రం అడిగింది.

ఆదివారం ఉదయం మామగారూ నేనూ కాలనీ చివర చిన్న చర్చికి వెళ్లి ఆరాధన ముగించుకుని వచ్చాం. తర్వాత రాజయ్యను చెరోవైపు పట్టుకుని వీధి మొదట్లో ఉన్న హోటల్ దాకా నడిపించాం. హోటలాయన "ఏం కావాలె కాక?" అని అలవాటుగా అడిగాడు. మేం చెప్పేలోపే రాజయ్య ఊపిరి బిగబట్టి, "చా...య్," అన్నారు. పాట కాదు, మాటే. హోటలాయన గ్లాసు నిండా, అంచు దాకా పోసిచ్చాడు.

ఒంటరిగా తిరిగొస్తూ, గట్టి స్నేహమంటే మనసులు కలవడం అనుకునేవాణ్ణి కదా అని ఆలోచించాను. వీళ్లిద్దరికీ దేవుడి విషయంలోనే కలవలేదు. పక్కన నిలబడడం, పేరు పెట్టి ప్రార్థించడం, ఎదుటివాడి ఎత్తిపొడుపుకు నవ్వగలగడం, ఇవే రోజూ చేశారు. ప్రేమించమన్న ఆజ్ఞ అంత పెద్దదైనా, దాన్ని పాటించేది ఇంత చిన్న పనుల్లోనే అని నాకు ఖనిలో తెలిసింది. ఆ మరుసటి ఆదివారం మా చర్చిలో ఎప్పుడూ నా పక్క వరసలో కూర్చునే ఆయన పేరు అడిగాను. దానియేలు అట, మాకు రెండు బస్టాపుల అవతలే ఇల్లు. ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాను. వచ్చిన పావుగంటలోనే ఆయనకు నాకంటే పెద్దగా నవ్వడం వచ్చని తేలింది. మీరు కూడా అటువైపు ఎవరినైనా చూడటానికి వెళ్తుంటే ఒక్క సలహా: తిరుగు టికెట్ ముందుగా తీసుకోకండి. గోదావరిఖని బస్టాండు నుంచి కరీంనగర్‌కు బస్సులు తరచుగా ఉంటాయి, అక్కడి నుంచి హైదరాబాద్ చేరడం సులువు. ఎప్పుడు బయల్దేరాలో మీరు చూడబోయే మనిషినే చెప్పనివ్వండి.