తడిగుడ్డ కింది బ్రెడ్డు ముక్కలు

డెబ్బైల్లో ఒక మధ్యాహ్నం, బెజవాడ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న పెద్దావిడ రేకు డబ్బా తెరిచి, లోపలి తడిగుడ్డ మీద నీళ్లు చిలకరించింది. గుడ్డ కింద, అంచులు కోసేసి వేలెడంత ముక్కలుగా చేసిన బ్రెడ్డు.

"మా దొరసానిగారికండి. ఇవి లేందే ఆవిడకి సాయంత్రం టీ దిగదు. గుడ్డు పెడితే బండిలో వాసనొస్తదని కీరదోసకాయ పెట్టా. ఉప్పేసి నీళ్లు పిండెయ్యాల, లేకపోతే బ్రెడ్డు నానిపోద్ది."

ముప్పై ఏళ్లు ఈవిడ చేతివంట తిన్న దొరసాని ఇంగ్లండు వెళ్లిపోతోంది. ఈవిడ బస్సు దిగి వచ్చేసరికే దొరసాని ఎక్కిన మద్రాసు బండి కదిలిపోయిందట.

కాసేపటికి డబ్బా నా ముందుకు జరిపింది. "తినండమ్మా, పాడైపోతాయి."

ఆవిడ మెడలో సిలువ ఉంది. ఎవరి చేతివి తినకూడదో మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పారు.

"ఆకలి లేదండీ," అన్నాను.

"గుడ్డు లేదమ్మా, ఉత్త కీరదోసకాయే."

తల అడ్డంగా ఊపాను. ఆవిడ మూత పెట్టేసింది.

నా బండి ఎక్కి, కిటికీలోంచి ఇడ్లీ పొట్లం కొన్నాను. అవి ఎవరి చేతివో అడగలేదు. నోటినిండా ఇడ్లీతో తలెత్తితే కిటికీ దగ్గర ఆవిడ, నేను మరిచిపోయిన మరచెంబు పట్టుకుని ఆయాసపడుతోంది.

"నిదానంగా తినండమ్మా," అంది, చెంబు అందిస్తూ. "పొలమారుద్ది."