గుసగుస వినపడే కారు

మా ఆయన గొంతు పోయింది. మొత్తంగా పోలేదు, సగం పోయింది. గొంతులో గడ్డ తీసిన డాక్టరు, ఇక మీద గుసగుసగా మాట్లాడుకోవచ్చు, గట్టిగా అరవబోతే ఆ మిగిలిందీ పోతుంది అన్నాడు. అంతకుముందు ఆయన ధర్మవరంలో మా వీధి ఈ చివర నిలబడి పిలిస్తే, ఆ చివర నేతగాడు మగ్గం ఆపి బయటికి వచ్చేవాడు. అట్లాంటి మనిషి డాక్టరు మాటకు తలూపి, తువ్వాలు భుజాన వేసుకుని, నా వెనక నడిచి వచ్చి కారెక్కాడు.

మాది పట్టుచీరల వ్యాపారం. ధర్మవరంలో నేయించి గోరంట్ల, కదిరి, హిందూపురం అంగళ్లకు మేమే కారులో తీసుకుపోయి ఇస్తాం. కారు తోలేది నేను. నువ్వూ నేర్చుకోవయ్యా అంటే, ఇద్దరం తోలితే మాట్లాడేది ఎవరు అనేవాడు. నిజమే, మా వ్యాపారంలో ముఖ్యమైనదంతా కారులోనే జరిగేది. మూటలో ఏ చీర పైన పెట్టాలి, ఏది అడుగున దాచి చివర్లో విప్పాలి, ఏ సేటు ఏ రంగు చూస్తే మెత్తబడతాడు, అన్నీ దారిలోనే తేల్చుకునేవాళ్లం. అంగట్లో కాలు పెట్టాక మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోం. అది మా అత్తమామల నాటి నుంచి వస్తున్న పద్ధతి. కొనేవాడి ముందు మొగుడూ పెళ్లాం సంప్రదింపులు పెట్టుకుంటే సరుకు మీద మనకే నమ్మకం లేనట్టు కనబడుతుంది.

ఆపరేషన్ తర్వాత ఆ కారే మాకు శత్రువైంది. మాది పాత కారు. కంకర తేలిన రోడ్డు మీద టైర్ల రొద, తలుపుల గడగడ, కింద నుంచి హోరు. ఇన్నేళ్లూ అది నాకు వినపడనే లేదు, ఎందుకంటే ఆయన దాని మీద గట్టిగా మాట్లాడేవాడు. ఇప్పుడు ఆయన పెదాలు కదిలేవి, నాకు రోడ్డు వినపడేది. ఏదైనా చెప్పాలంటే ముందున్న డాష్‌బోర్డు మీద వేళ్లతో కొట్టేవాడు. నేను కారు పక్కకు తీసి, ఇంజను ఆపి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టేదాన్ని. "బిస్కెట్ రంగుది అడుగున పెట్టు" అనేవాడు. అంతే. మళ్లీ ఇంజను, మళ్లీ రొద.

కొన్నాళ్లకు కొట్టడం మానేశాడు. ఏమప్పా అంటే, కారు ఆపేంత మాటేముందిలే అన్నట్టు చెయ్యి విదిలించి, కిటికీలోంచి వాడిపోయిన వేరుశనగ చేలు చూస్తూ కూర్చునేవాడు.

ఇంట్లో చెప్పుకోవచ్చు కదా అంటారేమో. మా ఇంటికి ఆ పక్కా ఈ పక్కా మగ్గాలే, పొద్దస్తమానం టకటక. మా వదినైతే, కాగితం మీద రాసి చూపించమను అంది. నేను రోడ్డు చూడనా, కాగితం చూడనా? పైగా నాకు ఆయన రాత అక్కర్లేదు, మాట కావాలి. ఆయన మాటల కోసమే ఇన్నేళ్లు ఆ ఎండల్లో ఆ రోడ్ల మీద తిరిగాను. ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆయన గొంతు పెంచలేను. రొద తగ్గించగలను. అది నా చేతిలో ఉన్న పని, కాబట్టి చేసి తీరాలనుకున్నాను.

బుక్కరాయసముద్రంలో కార్లకు అట్లాంటి పని చేసే షెడ్డు ఉందని తెలిసి ఇద్దరం పోయాం. అక్కడి మేస్త్రీకి నోరు ఎక్కువ. మా తలుపు లోపలి అట్ట ఊడదీసి, రేకు మీద వేలితో కొట్టాడు. టంగుమని మోగింది.

"చూడక్కా, లోపలంతా వట్టి డబ్బానే. టైరు సద్దు వచ్చి దీంట్లో మోగుతాది. మనం దీని నోరు మూయల్ల" అన్నాడు.

ఒకవైపు వెండిరంగు కాగితం, ఇంకోవైపు నల్లటి బంక ఉన్న మందపాటి షీటు తెచ్చి, ముక్క కోసి రేకుకు అతికించి, చిన్న రోలరుతో గట్టిగా రుద్దాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి దబ్ మని చప్పగా వచ్చింది, మోగే ఇత్తడి బిందె మీద అరచెయ్యి పెట్టినట్టు. నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. తలుపులు, నేల, డిక్కీ, చక్రాల పైభాగం, అన్నిటికీ వెయ్యమన్నాను.

తలుపు అడుగున వరసగా చిన్న బొక్కలు కనబడ్డాయి. ఇవెందుకని అడిగాను.

"నీళ్లు పోయేదానికక్కా. వానొస్తే అద్దం సందులోంచి లోపలికి దిగుతాయి. ఈడ నుంచి కిందికి పోతాయి."

నేను ఒక బొక్కలో వేలు పెట్టి గెలికాను. ఎర్రమట్టి రాలింది. "యా వానప్పా? ఈడ వానలు పడి నీళ్లు పొర్లిపోతాండాయా? సందు పెడితే సద్దొస్తాది. మూసెయ్యి" అన్నాను.

అతను కూడా ఈ నేల మనిషే కదా, పకపకా నవ్వాడు. "నిజమేలేక్కా. దీంట్లోంచి నీళ్లు కారంగ నేను మాత్రం యాడ చూసినా?" అని, బంక షీటు కిందిదాకా దింపి బొక్కలన్నీ శుభ్రంగా మూసేశాడు.

అప్పుడు కుర్చీలో కూర్చున్న మా ఆయన లేచి దగ్గరికొచ్చాడు. తలుపు వైపు వేలు చూపించి ఏదో చెప్పాడు. పక్కనే ఎవరో గ్రైండరుతో ఇనుము కోస్తున్నారు. ఎండకు దాహమేసి ఉంటుందనుకుని టీ తెప్పించాను. ఆయన నన్ను ఒక చూపు చూసి, టీ తాగి, పోయి కూర్చున్నాడు.

పని అయ్యాక కారెక్కి తలుపు వేస్తే, ఆ మూసుకున్న చప్పుడే వేరుగా ఉంది. రోడ్డెక్కాం. టైర్ల హోరు ఎక్కడో దూరంగా వినపడుతోంది. గాలి చప్పుడు లేదు, గడగడ లేదు. నాకు గర్వంగా ఉంది. అనంతపురం దాటాం. ఆయన మాట్లాడలేదు. రాప్తాడు దాటాం. మాట్లాడలేదు.

"ఏమన్నా చెప్పప్పా" అన్నాను.

ఏముంది చెప్పడానికి అన్నట్టు భుజాలెగరేశాడు.

నాకు ఏడుపొచ్చింది. రొద తీసేస్తే మాట దానంతట అదే వస్తుందనుకున్నాను. ఈలోపల ఆయనకు మౌనం అలవాటైపోయిందని నాకు తట్టలేదు. ఇంతకుముందు రోడ్డు రొదను తిట్టుకునేదాన్ని, ఇప్పుడు ఆ వంక కూడా లేదు. ఏడవలేదు గానీ ఇంటిదాకా గేర్లను మాత్రం కసిగా మార్చాను. తర్వాత కూడా ఎన్ని ఊర్లు తిరిగినా అదే తంతు. మెత్తగా, నున్నగా, చప్పుడు లేకుండా ఇద్దరం పోయి వచ్చేవాళ్లం.

అట్లాంటిది ఒక సాయంత్రం వాన పడింది. మామూలు వాన కాదు, మా వీధిలో చెప్పులు కొట్టుకుపోయిన వాన. నేతగాళ్లు మగ్గాలు వదిలి గడపల్లోకి వచ్చి నిలబడి చూశారు. కారు వీధిలోనే తడిసింది.

మర్నాడు పొద్దున మూటలు సర్దుకుని గోరంట్లకు బయలుదేరాం. ఊరు దాటి మొదటి మలుపు తిప్పానో లేదో, ఎక్కడో గుడగుడమంది. బ్రేకు వేస్తే బుళుక్కుమంది. వెనక సీట్లో నీళ్ల సీసా ఏదైనా పడిందేమో అనుకున్నాను.

"మే."

పక్క నుంచి ఆయన నన్ను పిలిచే పిలుపు, స్పష్టంగా. నేను కారు ఆపలేదు. చెవి వంచలేదు. రోడ్డు మీదే చూస్తూ, ఊ అన్నాను.

"తలుపులో నీళ్లు ఉండాయి."

"యాడి నీళ్లు?"

"రేత్రి వాననీళ్లు. ఆ పొద్దు షెడ్డులో చెప్పినా గదా, బొక్కలు మూయద్దు, ఈ పొద్దు రాకుంటే రేపొస్తాది వాన అని. నువ్వు టీ తెప్పించినావు."

నాకు నవ్వు ఆగలేదు. ఇంకో మలుపు తిప్పాను, నాలుగు తలుపులూ ఒకేసారి గుడగుడలాడాయి. ఆయనా నవ్వాడు. చప్పుడు లేని నవ్వు, అయినా వినపడింది. ఇక ఆయన ఆగలేదు. ఆ మేస్త్రీకి బుద్ధి లేదన్నాడు, నాకు అసలే లేదన్నాడు. లారీలను దాటేటప్పుడు నా తొందర చూస్తే ప్రాణం పోతోందన్నాడు. బిస్కెట్ రంగు చీర నేను మళ్లీ పైనే పెట్టానన్నాడు. నెలల తరబడి దాచుకున్నదంతా తీశాడు. ఆఖర్న, "ఆస్పత్రిలో నాకు శానా భయమేసింది మే. నీకు చెప్పల్లనుకున్నా. కారు ఆపమనేది ఎందుకులే అని చెప్పలా" అన్నాడు.

నా కళ్లు మసకబారాయి. అయినా రోడ్డు వదలలేదు.

ఆయన గొంతు గరగరమంటోంది. డాక్టరు చెప్పింది గుర్తొచ్చి భయమేసింది. "గమ్మునుండప్పా ఇంక" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎన్నాళ్లకు వచ్చిందో. ఒకప్పుడు పూటకోసారి అనేదాన్ని.

"నువ్వు తోలు. ఆపొద్దు" అన్నాడు.

గోరంట్లలో అంగడి ముందు కారు నిలిపాను. సేటు మెట్ల మీదికొచ్చి, వీళ్లెందుకు దిగరు అన్నట్టు చూస్తున్నాడు. దిగితే ఇక మాట్లాడుకోం, అది మా పద్ధతి. కాసేపు ఉండమన్నట్టు సేటుకు చెయ్యి చూపించి, తలుపు తియ్యకుండా, నీళ్లు నిండిన ఆ కారులోనే కూర్చుని విన్నాను.