మా మేనత్త వెతికిన పేజీ

మా మేనత్త గత నెల శ్రీకాకుళంలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశారని పాఠకులకు తెలియజేయవలసి వస్తోంది. కారణం కిడ్నీలు. మా జిల్లాలో ఈ జవాబు విన్నాక ఎవరూ రెండో ప్రశ్న వేయరు. నరసన్నపేట దగ్గరి ఆమె ఊళ్ళో బాప్టిస్టు సంఘం వారూ, కథోలిక గుడి వారూ విడివిడిగా సంతాప సభలు జరిపారు. నిత్యం లేఖనాలు చదివిన ధన్యురాలని రెండు సభల్లోనూ కొనియాడారు. రికార్డు సరిచేయడం కోసం చెబుతున్నాను: ఆమెకు చదవడం రాదు.

ఆమె మా నాన్నగారి చెల్లెలు. పుట్టింది బాప్టిస్టు ఇంట్లో, మెట్టింది కథోలిక ఇంట్లో. కులం ఒకటే కనుక పెళ్ళి జరిగింది. సంఘాలు వేరు కనుక వాదన జరుగుతూనే ఉండేది. వాది మా నాన్నగారు, ప్రతివాది మా మావయ్య. వివాదాంశం, బైబిల్‌ను ప్రజల భాషలో ప్రజలకు అందనివ్వనిది ఎవరన్నది. స్థలం అత్తింటి వీధి అరుగు, సమయం సాయంత్రం. టీ అత్త బాధ్యత.

"మీ ఫాదర్లు పుస్తకానికి గొలుసేసి లాటిన్లో గొణుక్కున్నారు. మా తాతల నాటికే మాకు తెలుగు బైబిల్ సేతికొచ్చీసింది," అనేవారు నాన్నగారు.

"సేతికొచ్చింది సరే బావా, సదివినోళ్ళెంతమంది? మావోళ్ళు సెవిలో ఏసినారు. గొలుసంటావా, దొంగలెత్తుకుపోకుండా ఏసింది. నీ సైకిలుకి తాళం ఎయ్యవేటి?"

"నా సైకిలు తాళం నా జేబులో ఉంటాది. మీ తాళం రోములో ఉన్నాది."

ఆ ఇంటికి ఒక్కడే కొడుకు. పదో తరగతి పరీక్షలయ్యాక స్నేహితులతో కళింగపట్నం వెళ్ళి, వంశధార సముద్రంలో కలిసే చోట మునిగిపోయాడు. సమాధి దగ్గర ఫాదర్ గారు బైబిల్ నుంచి ఒక భాగం చదివారు. మంచివారి ప్రాణాలు దేవుని చేతిలో ఉంటాయనీ, ఇక ఏ బాధా వారిని అంటదనీ దాని సారాంశం. అత్త ఏడుపు ఆపి విన్నారు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ నాన్నగారు ఒక వివరణ జారీ చేశారు: "ఆయన సదివింది మన బైబిల్లో లేదు."

సమాచారం సరైనదే. కథోలికుల బైబిల్లో కొన్ని గ్రంథాలు ఎక్కువ. వాటిని ప్రొటెస్టెంట్లు దైవవాక్యంగా అంగీకరించరు. ఫాదర్ గారు చదివింది అలాంటి గ్రంథంలోది. ఆ సంగతి ఏ సమయంలో వెల్లడించాలన్నది మాత్రం ఏ సంఘం నియమావళిలోనూ లేదు.

"అయితే అన్నా, నా బిడ్డ దేవుడి సేతిలో ఉన్నాడా, లేడా?" అని అత్త అడిగారు.

"అది వేరే సంగతే," అన్నారు నాన్నగారు.

"వేరే ఎలగవుతాది బావా?" అన్నారు మావయ్య. ఆ సాయంత్రం కూడా వాదన జరిగింది.

అప్పటి నుంచి అత్తకు ఒకటే కోరిక. ఆ మాట ఉందో లేదో తానే చదివి చూసుకోవాలి. ఊళ్ళో వయోజన విద్యా కేంద్రం తెరిస్తే పేరు రాయించుకున్నారు. తరగతులు సాయంత్రం. ఆడవాళ్ళు లేఖనాలు చదువుకునే హక్కును ఎవరిచ్చారు, ఎవరు కాదన్నారు అన్న అంశంపై అరుగు మీద వాదనా సాయంత్రమే. మధ్యలో టీ రెండుసార్లు కావాలి. ఆమె హాజరు తగ్గి, తరువాత ఆగింది. కొన్నాళ్ళకు, అక్షరాస్యత లక్ష్యం నెరవేరినందున, కేంద్రం మూతపడింది. ఇంట్లోనే నేర్పడానికి బావాబావమరుదులిద్దరూ ముందుకొచ్చారు కానీ, ఏ బైబిల్‌తో మొదలుపెట్టాలన్న దగ్గర ఆగిపోయారు.

"ముందు మీరిద్దరూ తేల్సుకోండి. కళ్ళు కనిపించినన్నాళ్ళు ఆగుతాను," అన్నారు అత్త.

నేనప్పుడు విశాఖపట్నంలో చరిత్ర ఎం.ఏ. చదువుతున్నాను. సెలవుల్లో వెళితే తీర్పు చెప్పమనేవారు. కొన్ని దేశాల్లో, కొన్ని కాలాల్లో ఆంక్షలు నిజమేననీ, ఆ ఆంక్షలకు ముందూ అనువాదాలున్న మాట నిజమేననీ, పుస్తకం అచ్చువేసి పంచినంత మాత్రాన చదువు రాదనీ సమతూకంగా వివరించాను. అత్త ఖాళీ గ్లాసులు తీస్తూ అడిగారు: "ఇంతకీ ఆ మాట ఉన్నాదేటిరా?"

"ఒకదాన్లో ఉందత్తా, ఒకదాన్లో లేదు."

"ఇంత సదివి నువ్వూ అదే సెప్పినావు."

విశ్వవిద్యాలయంలో నాకు చాలామంది చరిత్ర నేర్పారు. ఆ చరిత్ర ఎవరి ప్రశ్నకు జవాబు కావాలో నేర్పింది ఆమె ఒక్కరే.

పుట్టింటి బైబిల్, అత్తింటి బైబిల్ రెండూ ఆమె దగ్గరే ఉండేవి. వానలు వెనకబట్టాక చెమ్మ వాసన పోవడానికి రెంటినీ ఒకే చాప మీద వడియాల పక్కన ఎండబెట్టేవారు. కాకులొస్తే ముందు పుస్తకాలనే కాచేవారు. "బరువైంది మీ మావది. నా బిడ్డ మాట అందులో ఉన్నాది కదా," అనేవారు. దేవుడు ఏ భాషలో మాట్లాడతాడని నాన్నగారు ఒకసారి పరీక్షగా అడిగితే, "నాతో అయితే తెలుగులోనే. నాకింకోటి రాదు కదన్నా," అన్నారు. ఆ జవాబును ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా నమోదు చేసుకున్నాయి.

చివరి వారాల్లో డయాలసిస్‌కి నేను తోడు వెళ్ళేవాణ్ణి. ఒక రోజు రెండు పుస్తకాలూ తెమ్మన్నారు. ఒక చేతికి సూదులున్నాయి. ముందు మావయ్య బైబిల్ తెరిచి, రెండో చేతి వేలు పట్టుకుని ఆ వాక్యం మీద పెట్టాను. నేను చదువుతుంటే ఆమె వేలు అక్షరాల కింద మెల్లగా జరిగింది.

"ఇదేనా?"

"ఇదే."

"సరే. అన్నయ్యది తియ్యి."

తీశాను. మావయ్య బైబిల్లో పరమగీతం తరువాత ఆ గ్రంథం వస్తుంది. నాన్నగారి దానిలో పరమగీతం ఎడమ పేజీలో ముగిసి, కుడి పేజీలో యెషయా గ్రంథం మొదలైంది.

"ఎక్కడుండాల?"

"ఈ రెంటికీ మధ్యనత్తా."

రెండు పేజీలూ కలిసే సందులో ఆమె వేలు పెట్టారు. లోపలికంటా నొక్కారు.

"ఏటో తగుల్తంది."

"కుట్టిన దారం."

నర్సు వచ్చి మిషన్ చూసి, పుస్తకం తీసేయమంది. అత్త తల తిప్పలేదు.

"ఉండమ్మా," అన్నారు, వేలు ఆ సందులోనే ఉంచి. "ఇంకా సూస్తన్నాను."