అవ్వ పరిచిన చింతగింజలు

లా ఎంట్రన్స్‌కు నంద్యాలలో కోచింగ్ తీసుకున్నాను. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో పోయి వచ్చేదాన్ని. ఇంగ్లీషు, చట్టం ప్రశ్నలు బాగానే వచ్చేవి. రీజనింగ్‌లో, అందులోనూ చుట్టరికాల ప్రశ్నల్లో, ప్రతిసారీ మార్కులు పోయేవి. మొదటి ఏడు నాకు సీటు రాకపోయింది ఆ భాగం వల్లే.

రెండో ఏడు రీజనింగ్ చెప్పే సారు నన్ను బోర్డు దగ్గర నిలబెట్టిన రోజు నేను మరిచిపోలేదు. ఫోటోలో ఉన్నామెను చూపించి ఒక అమ్మాయి, "ఈమె మా నాన్న అక్కకు ఒక్కతే కూతురు" అంటుంది. ఆమె ఈ అమ్మాయికి ఏమవుతుంది? ఇదీ ప్రశ్న. నేను 'తల్లి' అని రాశాను. మా అమ్మ సొంత మేనమామను చేసుకుంది. అమ్మను కన్న అవ్వే మా నాయనకు అక్క. నా జవాబులో తప్పేముందో నాకు తోచలేదు.

"కజిన్ అని రాయాల. పేపర్ ఇచ్చేటోనికి మీ ఇంటి పెండ్లిండ్లు ఏం తెలుసమ్మా?" అన్నాడు సారు. క్లాసు వైపు తిరిగి, "ఇంకెవరింట్లోనన్నా ఇట్లుందా? చెయ్యెత్తండప్పా" అన్నాడు.

అందరూ నవ్వారు. ఒక్క చెయ్యీ లేవలేదు. నా పక్కన కూర్చునే అమ్మాయి వాళ్ల నాయన కూడా అక్క కూతుర్నే చేసుకున్నాడు. వాళ్లింట్లో అన్నం తిన్నదాన్ని, నాకు తెలుసు. ఆమె నోట్సులోకి తల వంచుకుంది. సారు మీద కోచింగ్ యజమానికి అర్జీ రాసిచ్చాను. జవాబు లేదు. దాని జిరాక్సు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇంటికొచ్చి ఆ కోపమంతా అవ్వ మీద చూపించాను.

"నీ కూతుర్ని నీ తమ్మునికి ఎవరు ఇయ్యమన్నారు? నీ వల్లే నేను నవ్వులపాలైనా."

అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. చెయ్యి ఆగింది.

"నా వల్లనామ్మే నీకు మార్కులు పోతాండేది?"

కాదని నేను అనలేదు.

మరుసటి రోజు అవ్వ ఆ గింజల్ని బండల మీద పరిచి నన్ను పిలిచింది. "ఇది నాయన. ఇది ఆయప్ప అక్క. ఇది ఆమె కూతురు. వీళ్లు మనోళ్లు కాదు, యాడోళ్లో. మా మొగాలు తలుచుకోవద్దు."

నేను ప్రశ్న చదివితే ఆమె గింజలు జరిపేది. పొరపాటున 'అమ్మ' అనబోతే ఆ గింజను వేలితో దూరంగా నెట్టేది. మూడు నెలలకు నా తప్పులు తగ్గిపోయాయి.

పరీక్ష ఇంకో రెండు వారాలుందనగా అవ్వ జ్వరమని పడుకుంది. మళ్లీ లేవలేదు.

పరీక్షలో ఆ ప్రశ్నే కొంచెం మార్చి ఇచ్చారు. నాన్న అక్క, ఆమె కూతురు. ఎవరి మొగమూ తలుచుకోకుండా 'కజిన్' అని గుర్తు పెట్టాను. సీటు వచ్చింది.

నన్ను ఎవరెవరు ఏమేమి అన్నారో అన్నీ నాకు గుర్తే. అవ్వను నేనన్నదీ గుర్తే. "నీ వల్ల కాదులే అవ్వా" అని ఒక్క మాట అని ఉండాల్సింది. ఆ మూడు నెలలూ రోజూ నా ఎదురుగానే కూర్చుంది.