పన్నెండో స్తోత్రం

ఈ సంగతి జరిగిన నాటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు అమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోతే, చెల్లిని చంకనేసుకుని తిరిగే పని నాది. అది పెద్దదయ్యాక రోజూ బడి దగ్గర దించి వచ్చేదాన్ని. నేను మాత్రం లోపలికి వెళ్లలేదు. అరవై రెండేళ్లు దాటాక, అమెరికాలోని కాపెల్‌లో మా చర్చి వెనక గదిలో పిల్లలకి తెలుగు నేర్పుతుంటే, వాళ్ల పొట్టి కుర్చీల్లో కూర్చుని నేర్చుకున్నాను. రాయడం వచ్చి ఏడాది అయింది. మొదట ఇదే రాయాలనుకున్నాను గానీ చెయ్యి సాగలేదు.

నాలుగేళ్ల కిందట మా చర్చి వాళ్లం టర్కీ దక్షిణ తీరానికి వెళ్లాం. బైబిల్లోని పౌలు గారి ఓడ ఆగిన రేవులు చూడాలని అందరికీ ఆశ. ఒకరోజు నడక, ఒకరోజు సైకిళ్లు. సామాను వ్యాన్‌లో ముందే తర్వాతి ఊరికి పోయేది. సైకిళ్ల రోజు నేనూ సామానుతోనే. జెర్సీ సిటీలో నర్సుగా పనిచేసే మా చెల్లి కూడా సెలవు పెట్టి వచ్చింది. దానికి షుగర్. వేళకి ఏదో ఒకటి తినకపోతే కళ్లు తిరిగి పడిపోతుంది. దాని బిస్కెట్లు, జ్యూస్ నా సంచిలోనే ఉండేవి.

మమ్మల్ని నడిపించింది మా చర్చిలో పాటలు పాడించే ఒకాయన. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అందరం బ్రదర్ అనే పిలుస్తాం. తలలు లెక్కపెడితే ఎవరో ఒకరు కదులుతారని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. ఆగిన చోటల్లా "ప్రభువుకి!" అని అరిచేవాడు. ఒక్కొక్కరం "స్తోత్రం" అనాలి. ఆయన వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టేవాడు. ఆయన కాక మేం పన్నెండుమందిమి.

"శిష్యుల లెక్క సరిపోయింది. మరి ప్రభువుని పట్టించిన యూదా ఎవరు బ్రదర్?" అని చెల్లి ఆటపట్టించింది.

"నా రూమ్‌లో టీ పొడి ఎవరు కొట్టేశారో వాళ్లే ఆంటీ!"

మూడో రోజు మధ్యాహ్నం కొండ మీద ఒక పాడుపడిన ఊరు వచ్చింది. గ్రీకు క్రైస్తవులు దాదాపు వందేళ్ల కిందట విడిచి పోవలసి వచ్చిన ఊరట. వందల ఇళ్లు. ఒక్కదానికీ కప్పు లేదు. పొద్దుటి నుంచి చెవులు హోరెత్తించిన కీచురాళ్లు అక్కడ అడుగుపెట్టేసరికి ఆగిపోయాయి.

ఊరి మధ్య ఉన్న చర్చి దాటి, చివర ఉన్న బావి దగ్గర బ్రదర్ "ప్రభువుకి!" అన్నాడు. పదకొండో స్తోత్రం నాది. పన్నెండోది నా వెనక నుంచి వినిపించింది, మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గరగా. ఆడగొంతు. చెల్లే అనుకుని తిరిగి చూడలేదు.

అరగంట దిగాం. కింద సముద్రం కనిపిస్తోంది. తాగమని నీళ్ల సీసా వెనక్కి చాపాను. ఎవరూ అందుకోలేదు. తిరిగి చూస్తే దారి ఖాళీగా ఉంది.

"బ్రదర్, చెల్లి లేదు!"

"అదేంటాంటీ, ట్వెల్వ్ కరెక్ట్‌గా వచ్చింది కదా. ఎవరన్నా రెండుసార్లు అన్నారా?"

ఎవరూ అనలేదు. ఫోన్ కలవలేదు. మిగతా వాళ్లని అక్కడే ఉండమని బ్రదర్, నేనూ వెనక్కి ఎక్కాం. బిస్కెట్లు నా భుజానే ఉన్నాయి. అది తప్ప ఇంకేమీ తోచలేదు నాకు.

చెల్లి ఆ చర్చి గుమ్మం పక్కన రాతి మీద కూర్చుని ఉంది, ఒక కాలి బూటు విప్పి. ఒళ్లంతా చెమట, ముఖం పాలిపోయింది. బిస్కెట్లు నమిలించి, జ్యూస్ తాగించాను. ముఖంలోకి రంగు వచ్చేదాకా పక్కనే కూర్చుని చెమట తుడిచాను.

"ఏమే, ఒక్కదానివీ ఆగిపోతే ఎట్టాగే?"

"ఒక్కదాన్నేంటక్కా? మీరంతా లోపలే ఉన్నారుగా. బూటులో రాయి పడితే కూర్చున్నా. మీరు లెక్కపెట్టుకుంటుంటే నా వంతుకి నేనూ స్తోత్రం అన్నాను."

బ్రదర్ గుమ్మంలోంచి తొంగి చూశాడు. నేనూ చూశాను. ఎండ పడుతున్న నేల, వెలిసిపోయిన గోడలు.

"ఎంతమంది అన్నారు ఆంటీ?" అన్నాడు మెల్లగా.

చెల్లి ఆలోచించింది. "చాలామంది బ్రదర్. ఎంతకీ నా వంతు రాలేదు."

"షుగర్ డౌన్ అయితే అలాగే అనిపిస్తుంది. నర్సు కదా, మీకు తెలీందేముంది," అన్నాడు. మరి బావి దగ్గర పన్నెండో స్తోత్రం అన్నదెవరని ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. చెల్లిని చెరో రెక్కా పట్టుకుని కిందికి దించాం.

మర్నాడు సైకిళ్ల రోజు. హోటల్ ముందు అందరూ హెల్మెట్లు బిగించుకుంటున్నారు. చెల్లిని నాతో వ్యాన్‌లోనే రమ్మన్నాను. బ్రదర్ "ప్రభువుకి" అన్నాడు, ముందటి రోజుల్లా అరవలేదు. నేను చెల్లి వెనక నిలబడి, దాని వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచాను. దాని వంతు వచ్చింది. స్తోత్రం అన్నప్పుడు వీపు నా చేతికింద అదిరింది. అప్పుడు నేను నాది చెప్పాను.