లక్ష్మికి మళ్లీ పోటీ

కరోనా తరువాత హాళ్లు మళ్లీ తెరిచిన కాలంలో రాష్ట్ర సంఘం నన్ను మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలకు రెఫరీగా వేసింది. అంతకుముందు తమిళనాడు ధర్మపురిలో ప్రభుత్వ పాఠశాల పి.టి. మాస్టరుగా పనిచేసి రిటైరైనాను. ఉద్యోగంలో ఉండగా జూడో పోటీలకు రెఫరీగా పోయేవాడిని కాబట్టి పట్లు, విడిపించుకోవడాలు నాకు కొత్త కాదు. ఈ ఆటలో కొట్టడం, తన్నడం, పట్టి పడగొట్టడం మూడూ ఉంటాయి. ఇనుప వల చుట్టిన కేజ్‌లో ఇద్దరు ఆడతారు, వాళ్లతోపాటు రెఫరీ ఒక్కడే ఉంటాడు. బయట ముగ్గురు జడ్జీలు కూర్చుని పాయింట్లు వేస్తారు. పోటీని మధ్యలో ఆపే అధికారం మాత్రం రెఫరీది.

తమిళుల ఆడి నెల పండగల రద్దీ ముగిసినాక ధర్మపురిలోనే ఒక టైటిల్ పోటీ పడింది. ఛాంపియన్ లక్ష్మి. బి. మల్లాపురం పిల్ల, హొగేనక్కల్ జలపాతం దగ్గర పరిసల్ అనే బుట్టపడవ నడిపే మునియప్పను చేసుకుని అక్కడే చేపలు వేయించే అంగడి పెట్టుకుంది. మూడేళ్లుగా బెల్టు ఆమెదే. ఆమె మీదికి వచ్చింది హోసూరు నుంచి దివ్య, పదేళ్లు చిన్నది.

లక్ష్మి బడిలో నా దగ్గర జూడో నేర్చుకుంది. వాళ్ల ఇంట్లోనూ మా ఇంట్లోనూ మాట్లాడేది తెలుగే. ఇలాంటి సంబంధం ఉంటే రెఫరీ ముందే చెప్పాలి, రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. చెప్పినాను. దివ్య కోచ్ అభ్యంతరం లేదన్నాడు.

మూడో రౌండులో లక్ష్మి కింద పడింది. లేవబోతూ వీపు ఇచ్చేసింది. దివ్య వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి బిగించింది. దీన్ని చోక్ అంటారు. తట్టుకోలేనివాళ్లు ఎదుటి మనిషిని చేత్తో తడితే ఓటమి ఒప్పుకున్నట్టు. లక్ష్మి తట్టలేదు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెయ్యి ఎత్తి చూసినాను. చెయ్యి పడిపోయింది. తెలివి తప్పిందని పోటీ ఆపినాను.

కొంచెం సేపటికి కళ్లు తెరిచి ఆమె అన్న మొదటి మాట, "ఏంటికి ఆపినారు సార్? నేను తట్టలేదు కదా."

హాలంతా మా ఊరివాళ్లే. నా మీద కేకలు వేసినారు. దివ్య నడుముకు బెల్టు కట్టేటప్పుడు లక్ష్మి తల వంచుకుని నిలబడింది. నా ముఖం చూడకుండానే బయటికి పోయింది.

రెండు రోజులకు సంఘం సెక్రెటరీ ఫోన్ చేసినాడు. బెల్టు పోగొట్టుకున్న ఛాంపియన్‌కు వెంటనే మళ్లీ పోటీ ఇవ్వాలా వద్దా అనేదానికి అప్పట్లో రాసిపెట్టిన నియమం లేదు. కమిటీ ఇష్టం. ఎక్కువ కాలం ఛాంపియన్‌గా ఉన్నవాళ్లకు ఇవ్వడం మర్యాద అని కొందరు అనేవాళ్లు. లక్ష్మి ఆడితే హాలు నిండుతుంది కాబట్టి సెక్రెటరీకి కూడా అదే ఇష్టం. నా రిపోర్టులో, ఆపడం కొంచెం తొందరైందేమో అని ఒక మాట ఉంటే చాలు, మిగిలింది తాను చూసుకుంటానన్నాడు.

అయితే వరుసలో రేవతి ఉండింది. సేలంలో మిల్లు పనికి పోయే అమ్మాయి. మోకాలికి ఆపరేషన్ అయి, మళ్లీ నడక నేర్చుకుని, వరుసగా గెలిచి టైటిల్ పోటీకి అర్హత తెచ్చుకుంది. లక్ష్మికి వెంటనే మళ్లీ ఇస్తే రేవతి ఇంకొక ఏడు కూర్చోవాలి.

నేను రాయబోయేది లక్ష్మి నా నోటినుంచే వినాలనిపించింది. రిపోర్టు పంపక ముందే హొగేనక్కల్ బస్సెక్కినాను.

నన్ను చూసి ఆమె పెనం మీది చేపలు దించి, స్టూలు తుడిచి వేసింది. మునియప్ప టీ తెచ్చినాడు.

"సార్, మీరు ఒక్క మాట రాస్తే నాకు ఇంకొక తూరి దొరుకుతాదంట," అంది లక్ష్మి.

"నీ చెయ్యి పడిపోయింది, అమ్మా. నేను చూసింది అదే."

"నాకు తెలివి ఉండింది. అంతా గుర్తుంది నాకు."

"చెయ్యి ఎత్తేటప్పుడు నిన్ను ఒక మాట అడిగినాను. ఏమడిగినాను చెప్పు."

ఆమె ఆలోచించింది. మునియప్ప వైపు చూసింది. ఆయన కేజ్ పక్కనే ఉన్నాడు ఆ రోజు.

"'లక్ష్మీ, వినిపిస్తుందా' అని రెండు తూర్లు అడిగినారు," అన్నాడు మునియప్ప మెల్లగా. "తెలుగులోనే అడిగినారు. నువ్వు పలకలేదు."

లక్ష్మి పైటకొంగుతో ముఖం తుడుచుకుంది. పొయ్యి వేడికి పట్టిన చెమట మాత్రమే కాదది.

"ముప్పై మూడేళ్లు సార్ నాకు," అంది చివరికి. "వరుసలో నిలబడితే నా తూరి వచ్చేలోగా ఒళ్లు సహకరిస్తాదో లేదో."

అది నిజమే. ఎక్కడ తప్పిందో మాత్రం చెప్పగలనన్నాను. కింద పడినాక ఎడమచెయ్యి మెడ దగ్గర ఉంచుకోకుండా నేలకు ఆనించి లేవబోయింది. దివ్య కాచుకున్నది దానికోసమే.

"చూపించండి," అంది.

అంగడి వెనక ఇసుకలో గోనెసంచులు పరిచినాము. దివ్య స్థానంలో మునియప్ప. లక్ష్మి మోకాళ్ల మీద కూర్చుంటే ఆయన వెనకనుంచి మెడ చుట్టూ చెయ్యి వేసినాడు. రోజంతా తెడ్డు వేసే చెయ్యి అది, అయినా దండ వేసినంత మెత్తగా వేసినాడు. గట్టిగా పట్టమని లక్ష్మి కసిరింది. "నాతో అయ్యేది కాదు, సార్‌నే పట్టుకోమను," అన్నాడు. ఓడినప్పటినుంచి ఆమె నవ్వడం అదే మొదలని తరువాత బస్టాండు దాకా వచ్చి మునియప్ప చెప్పినాడు.

రిపోర్టులో చూసింది చూసినట్టు రాసినాను. ఒకే భాషవాళ్లు కాబట్టి అనుకూలంగా రాస్తానని అనుకున్నవాళ్లు ఉన్నారు. మా బంధువుల్లో కొందరు అందుకే రాయవలసింది కదా అన్నారు. కమిటీ రేవతికి తూరి ఇచ్చింది. లక్ష్మి ముందు ఇంకొక పోటీ గెలిచి రావాలని చెప్పింది.

ఆ తరువాత జరిగింది మేమెవరమూ అనుకోనిది. రేవతి దివ్యను ఓడించింది. అదే నెలలో లక్ష్మి కోయంబత్తూరులో తన పోటీ గెలిచి వరుసలో ముందుకు వచ్చింది. అప్పుడు దివ్య కోచ్ కమిటీకి అర్జీ పెట్టినాడు, మా పిల్ల కూడా ఛాంపియనే కదా, వెంటనే మళ్లీ పోటీ ఇవ్వండి అని. లక్ష్మికి అప్పుడు ఇచ్చి ఉంటే, ఇప్పుడు దివ్యకు లేదనడానికి వీలుండేది కాదు. లక్ష్మికి లేదని చెప్పినందువల్లే ఆమె తూరి ఆమెకు నిలిచింది. కమిటీ ఆ అర్జీ ఒప్పుకోక, ఆ రోజే నియమం రాసింది: రెఫరీ పొరపాటో, ఎదుటివాళ్ల ఫౌలో ఉంటే వెంటనే మళ్లీ పోటీ, లేకుంటే వరుస.

రేవతి, లక్ష్మి పోటీకి నన్ను వేయవద్దని నేనే అడిగినాను. సేలం హాలులో మునియప్ప పక్కన జనంలో కూర్చుని చూసినాను. నాలుగో రౌండులో లక్ష్మి కింద పడినప్పుడు ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఎడమచెయ్యి మెడ దగ్గరే ఉంది. అయిదు రౌండ్లూ ఆడినారు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు లక్ష్మికి వేసినారు.

బెల్టు కట్టించుకున్నాక ఆమె మావైపు రాలేదు. కేజ్ మూలలో మోకాలికి ఐసు పెట్టుకుని కూర్చున్న రేవతి పక్కకు పోయి కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు తమిళంలో మాట్లాడుకున్నారు. లక్ష్మి చేతులు ఆడించి ఏదో చూపించింది, రేవతి తల ఊపింది. ఏం చెప్పినావని తరువాత అడిగితే, "ఎక్కడ తప్పిందని అడిగింది సార్, చెప్పినాను. నాకు ఎవరూ చెప్పకపోయుంటే నేను ఇంకా మిమ్మల్నే తిట్టుకుంటా ఉందును," అంది.

మరుసటి ఏడు లక్ష్మి తనంతట తానే బెల్టు వదిలి, పెన్నాగరంలో ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. నేనూ రెఫరీ పని చాలించినాను.

బెల్టు పోయినవాళ్లకు వెంటనే మళ్లీ పోటీ ఇవ్వాలా అని ఇప్పటికీ కుర్రవాళ్లు నన్ను అడుగుతారు. ఆపడంలో తప్పుంటే ఇవ్వాలి, లేకుంటే కాచుకున్నవాళ్లది ముందు. అంతవరకు నియమం చెబుతుంది. ఇవ్వడం లేదన్న మాట ఎవరు, ఎలా చెప్పాలో నియమంలో ఉండదు. పోటీ ఆపినవాడే పోయి, ఎదురుగా కూర్చుని, కారణం చెప్పాలి. అది కూడా రెఫరీ పనేనని నేను ఆ అంగడి దగ్గర నేర్చుకున్నాను.